తమ్ముణ్ణి వెనక్కి పిలిచిన తొరేకా

తొరేకాను మా అబారోవా దీవిలో అందరూ రొట్టెల తొరేకా అనేవారు. దీవికి ఉన్న ఒకే ఒక్క రోడ్డు మీద తెల్లవారుతూనే ఆమె సైకిలు కనిపించేది. ముందొక బుట్ట, వెనకొక బుట్ట. బెల్లు ఎప్పుడో ఊడిపోయింది. ఇంటి ముందుకు రాగానే "రొట్టె" అని ఒక్క మాట అనేది. మగవాళ్ళు కొబ్బరిచెట్ల మీద కల్లు దించుతూ పైనుంచే జవాబిచ్చేవారు, రెండు కావాలనో, ఇవాళ వద్దనో. నూనెపీపాను అడ్డంగా కోసి, పగడపురాళ్ళు పేర్చి, తనే కట్టుకున్న పొయ్యి ఆమెది. కొబ్బరిచిప్పల నిప్పు మీద కాల్చిన ఆ రొట్టెకు అడుగున కొంచెం మాడు వాసన ఉండేది. అది లేకపోతే మాకు రొట్టె తిన్నట్టుండేది కాదు.

నేను ఆ దీవి బడిలో ఇరవై ఆరేళ్ళు పాఠాలు చెప్పాను. తొరేకా నా దగ్గర చదువుకోలేదు, నాకంటే రెండేళ్ళు పెద్దది. ఏడో తరగతితో చదువు ఆపేసింది. తల్లి పోయేసరికి తమ్ముడు బురేమోవాకు నాలుగేళ్ళు. తండ్రి విదేశీ సరుకు ఓడల్లో పనిచేసేవాడు, రెండేళ్ళకోసారి వచ్చేవాడు. పిల్లవాణ్ణి చంకనేసుకుని చేమగుంటలోకి దిగి దుంపలు తవ్విన పదిహేనేళ్ళ తొరేకాను చూసినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాడికి ఈత, వల విసరడం, పెద్దల ముందు వంగి నడవడం అన్నీ ఆమే నేర్పింది. పెద్దబడికి ఓడెక్కించి పంపింది కూడా ఆమే.

బురేమోవా చదువుకుని, రాజధాని టరావాలో సహకార సంఘంలో ఉద్యోగం చేసి, ముప్ఫై ఆరేళ్ళ వయసులో పార్లమెంటుకు నిలబడతానని దీవికి వచ్చాడు. చక్కగా మాట్లాడేవాడు. నవ్వు ముఖం. అయితే మా దగ్గర ఎవరు నిలబడినా ముందు ఊరి సభాశాలలో, మనేబాలో, పెద్దల ముందు కూర్చోవాలి. ఎవరి వంశానికి ఏ స్తంభం దగ్గర చోటో తాతల నాడే తేలిపోయింది. ఆ ఏడాది పెద్దలందరూ ఒకే ఒక్క మాట తేల్చి చెప్పారు. గెలిచినవాడు ఎవరైనా సరే, పార్లమెంటులో ముందుగా అడగవలసింది ఉత్తర లంకలకు ఒక నర్సును.

మా దీవి ఒక పొడుగాటి దక్షిణ లంక, పెద్దపాయకు అవతల మూడు చిన్న ఉత్తర లంకలు. ఆసుపత్రి, విమానం దిగే మైదానం, పంచాయతీ ఆఫీసు అన్నీ దక్షిణానే. పాటు వేళ, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, పాయను మోకాలి లోతులో దాటవచ్చు. పోటు వేళ పడవ కావాలి. పడమటి గాలులు మొదలయ్యాయంటే పడవా నడవదు, కాళ్ళూ నడవవు. ఉత్తరాన నొప్పులు పడే ఆడది గాలి ఎప్పుడు ఆగుతుందా అని ఎదురు చూస్తూ పడుకోవాలి.

ఆ రోజు మనేబాలో తొరేకా లేచి నిలబడింది. ఆడవాళ్ళు అక్కడ మాట్లాడటం తప్పు కాకపోయినా అరుదు. తమ్ముడి తరఫున తాను మాట ఇస్తున్నానని చెప్పింది. "వీడు నా చేతుల్లో పెరిగాడు. అడగమన్నది అడుగుతాడు. అడక్కపోతే వాణ్ణి కాదు, నన్నడగండి," అంది. ఆ మాటకే సగం ఓట్లు పడ్డాయని నా అభిప్రాయం. బురేమోవా తన మీద పోటీచేసిన లారీ యజమాని తెవురియారియాను సునాయాసంగా ఓడించాడు.

పార్లమెంటు సమావేశాలు రేడియోలో ప్రత్యక్షంగా వస్తాయి. బడి రేడియోను మనేబాకు మోసుకెళ్ళి, చూరుకు వేలాడే లౌడుస్పీకరుకు తగిలించేవాణ్ణి. చాపల మీద కూర్చుని, మొగలాకు అల్లుకుంటూ, పొగచుట్టలు కాల్చుకుంటూ జనం వినేవారు. మొదటి సమావేశంలో బురేమోవా ప్రమాణం చేశాడు, అందరూ చప్పట్లు కొట్టారు. రెండోసారి నాచు పెంపకం గురించి మాట్లాడాడు. మూడోసారి రాజధాని రోడ్డు గురించి. నర్సు మాట రాలేదు. ఈలోగా గెలిచినప్పుడు ఉన్న పక్షం వదిలి ప్రభుత్వ పక్షం వైపు వెళ్ళి కూర్చున్నాడని తెలిసింది. రెండేళ్ళలో దీవికి వచ్చింది ఒక్కసారి, ఒక అంత్యక్రియకు. మూడు రోజులుండి వెళ్ళిపోయాడు.

తొరేకా మొదట్లో వాణ్ణి వెనకేసుకొచ్చింది. వాడికి అక్కడి పద్ధతులు తెలియాలి కదా అనేది. తర్వాత తర్వాత ఆ మాట అనడం మానేసింది. రొట్టె తీసుకునేటప్పుడు ఆడవాళ్ళు అడిగేవారు, "తొరేకా, నీ తమ్ముడి గొంతు బొంగురు పోయిందా?" అని. ఆమె చిల్లర చేతిలో పెట్టి సైకిలెక్కేది.

ఏడో సమావేశానికి రెండు వారాల ముందు, పడమటి గాలి కాస్త తగ్గిందని నమ్మి, ఉత్తర లంకల వాళ్ళు నొప్పులు పడుతున్న ఒక అమ్మాయిని పడవెక్కించారు. అక్కడి పసిపిల్లల బడి పంతులమ్మ అకోరియా తోడు వచ్చింది. పాయ మధ్యలో గాలి తిరిగింది. పడవ ఇసుకతిన్నెకు కొట్టుకుంది. బిడ్డ అక్కడే, తడి ఇసుక మీద, అకోరియా చేతుల్లో పుట్టాడు. తల్లీబిడ్డా బతికారు గాని, తల్లి మూడు వారాలు ఆసుపత్రి చాప మీంచి లేవలేదు. అకోరియా అంతకుముందు పురుడు పోసినది కాదు. నాకు ఆ సంగతి చెబుతున్నప్పుడు తన చేతులను తనే చూసుకుంటూ చెప్పింది.

కాబట్టి ఆ ఏడో సమావేశం వినడానికి మనేబా నిండిపోయింది. ఉత్తరం వాళ్ళు కూడా పాటు చూసుకుని నడిచి వచ్చారు. స్పీకరు ఒక్కొక్క దీవి సభ్యుణ్ణీ పేరుపెట్టి పిలుస్తున్నాడు. అబారోవా వంతు వచ్చింది. లౌడుస్పీకరులోంచి బురేమోవా గొంతు, ఎప్పటిలా నునుపుగా, స్పష్టంగా వినిపించింది.

"గౌరవనీయులైన స్పీకరు గారూ, నాకు ప్రశ్నలేవీ లేవు."

స్పీకరు తర్వాతి దీవిని పిలిచాడు. మనేబాలో ఎవరూ తొరేకా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి అంతమంది ఒకేసారి ప్రయత్నించడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. ఆమె అల్లుతున్న చాపను చుట్టచుట్టి చంకలో పెట్టుకుని, వంగి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది.

మర్నాడు దీవిలో రొట్టె లేదు. పొద్దెక్కాక ఆమె మా ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చుంది. మంచినీళ్ళు కూడా అడగలేదు.

"మాస్టారూ, పార్లమెంటుకు పంపినవాణ్ణి వెనక్కి పిలవొచ్చని చట్టంలో ఉందంటారు. నిజమేనా?"

నిజమేనని చెప్పాను. దీవి ఓటర్లలో సగం కంటే ఎక్కువమంది సంతకాలు చేస్తే అర్జీ స్పీకరుకు వెళ్తుంది. ఆ తర్వాత దీవిలో ఓటింగు పెడతారు. పొమ్మన్నవాళ్ళు ఎక్కువైతే పదవి పోతుంది, కొత్తగా ఎన్నిక జరుగుతుంది. మాకు ఏడువందల నలభై రెండు ఓట్లు. అంటే మూడువందల డెబ్బై రెండు సంతకాలు కావాలి.

"అయితే రాయండి," అంది.

కాస్త ఆలోచించుకోమన్నాను. మనసు కష్టపెట్టుకున్నప్పుడు చేసే పనులు తర్వాత బాధపెడతాయని ఏదో చెప్పబోయాను. ఆమె నావైపు తిరిగి, రాత్రంతా ఆలోచించానని, ఇక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదని చెప్పింది. నేను కాగితం తీశాను. పంతులు బుద్ధి కదా, బాధ్యతారాహిత్యమనీ, ప్రజాభిప్రాయాన్ని తృణీకరించడమనీ పెద్దపెద్ద మాటలు పేర్చి చదివి వినిపించాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అవన్నీ కొట్టేయండి. అడగమని పంపిన ప్రశ్న అడగలేదు. అంతే రాయండి. అబద్ధం ఒక్కటి కూడా ఉండకూడదు."

మొదటి సంతకం ఆమెదే. వంకరటింకర అక్షరాలతో, నెమ్మదిగా, పూర్తి పేరు రాసింది. రెండోది నాది.

రెండో రోజు నుంచి రొట్టెలబుట్టలో కాగితం కూడా ఊరేగింది, వాన తగలకుండా బిస్కట్ల డబ్బాలో. సంతకం చేసినవాడికీ చేయనివాడికీ రొట్టె ఒకేలా ఇచ్చేది. ఒత్తిడి చేసేది కాదు. అర్జీ చదివి వినిపించి, కలం చాపి ఊరుకునేది. కొందరు వెంటనే చేశారు. కొందరు పెళ్ళాన్ని అడిగి చెబుతామన్నారు. సముద్రం మీద తప్ప ఎక్కడా గట్టిగా మాట్లాడని ఒక ముసలి జాలరి సంతకం బదులు ట్యూనా చేప బొమ్మ గీశాడు, చాలా అందంగా గీశాడు. అది చెల్లదని, వేలిముద్ర వేయమని నేను చెబితే నొచ్చుకున్నాడు. ఇంకొకడు ఉత్సాహం పట్టలేక మూడు ఊళ్ళలో మూడుసార్లు చేశాడు. తొరేకా రెండు కొట్టేసి, "నీకున్నది ఒక ఓటే బాబూ, మీ ఆవిడది కూడా నువ్వే వేస్తున్నావా?" అని అడిగింది.

అందరూ అంత సరదాగా లేరు. ఆమె మేనమామ కౌరే, మనేబాలో వాళ్ళ వంశానికి పెద్ద, కబురుపెట్టి పిలిపించాడు. సొంత రక్తాన్ని వీధిలో పెట్టి అమ్ముతున్నావని, పైన ఉన్న మీ అమ్మ చూస్తోందని, వంశానికి తలవంపులు తెచ్చావని చాలాసేపు మాట్లాడాడు. ఆమె తల వంచుకుని అంతా విన్నది. చివరికి ఒక్క మాట అంది, "తలవంపులు నేను తేలేదు మామా. రేడియోలో వచ్చాయి." ముసలాయన చాప మీద అటు తిరిగి పడుకున్నాడు.

ఓడిపోయిన తెవురియారియా మాత్రం ఉబ్బితబ్బిబ్బయ్యాడు. తన లారీ తీసుకోమన్నాడు, డ్రైవరునిస్తానన్నాడు. తొరేకా ఒప్పుకోలేదు. నీ లారీ ఎక్కితే ఇది నీ పని అవుతుంది, నాది కాదు అని మొహం మీదే చెప్పింది. దానితో అతనికి రోషం వచ్చి, తన ఊరివాళ్ళెవరూ సంతకం చేయకుండా అడ్డుపడ్డాడు. బురేమోవా మీద గెలవడానికి దారి దొరికిందని సంబరపడ్డవాడే, ఆ దారి తనది కాదని తెలిసేసరికి మూసేశాడు. మూడువందల నలభై దగ్గర లెక్క ఆగిపోయింది. రెండు వారాలు అక్కడే ఉంది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున రొట్టెలో ఉప్పు లేదు. మా ఆవిడ ముక్క నోట్లో పెట్టుకుని నా వంక చూసింది. ఆ మర్నాడూ అంతే. వారం రోజులు దీవి మొత్తం చప్పటి రొట్టె తిన్నది. ఒక్కరు కూడా ఆమెతో అనలేదు.

చివరికి ఆమె ఉత్తరానికి బయలుదేరింది. పాటు వేళ సైకిలు భుజాన వేసుకుని పాయ దాటింది. అకోరియా ఎదురొచ్చి సైకిలు అందుకుంది. అక్కడి ఆడవాళ్ళు సీమపనస చెట్టు కింద చేరారు. ఎండుచేప, చేమదుంప పెట్టారు. అప్పుడు ఇసుకతిన్నె మీద బిడ్డను కన్న ఆ అమ్మాయి, ఒళ్ళో పిల్లవాణ్ణి పెట్టుకుని, నేరుగా అడిగింది.

"మేం సంతకం చేస్తే నర్సు వస్తుందా?"

అవునని చెబితే అక్కడున్న ప్రతి ఒక్కరూ ఆ నిమిషమే చేసేవారు. అకోరియా నాకు తర్వాత చెప్పింది, తను కూడా ఆమె అవునంటుందనే అనుకున్నానని.

"రాదు," అంది తొరేకా. "నా తమ్ముడు పోతాడు, అంతే. తర్వాత వచ్చేవాడు అడుగుతాడో లేదో కూడా నాకు తెలీదు. కానీ అడక్కపోతే ఏమవుతుందో వాడికి తెలుస్తుంది."

ఆ అమ్మాయి పిల్లవాణ్ణి అత్తగారికిచ్చి కలం అందుకుంది. ఆ రోజు ఇరవై ఒక్క సంతకాలయ్యాయి. మగవాళ్ళు చేపలవేటలో ఉన్నారు. లెక్క మూడువందల అరవై ఒకటికి చేరింది.

ఈ సంగతి టరావాకు చేరకుండా ఎలా ఉంటుంది? గురువారం విమానంలో బురేమోవా దిగాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచి, మొహాన ఆ నవ్వు. మైదానం దగ్గర నుంచి ఎక్కడా ఆగకుండా అక్క ఇంటికి నడిచి వచ్చాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను, అర్జీకి మరో ప్రతి రాస్తున్నాను. లేచి వెళ్ళబోతే తొరేకా కూర్చోమంది. చాటుగా మాట్లాడే మాటలేవీ తన దగ్గర లేవంది.

ముందు అన్నం పెట్టింది. ఉప్పుచేప, కొబ్బరిపాలు పోసిన గుమ్మడి. వాడు తినకుండా కెలుకుతూ కూర్చున్నాడు.

"అక్కా, నాతో ఒక్క మాట చెప్పకుండా..."

"నువ్వు చెప్పావుగా, రేడియోలో. మేమందరం విన్నాం."

వాడు చెప్పడం మొదలుపెట్టాడు. నేను విన్నంతవరకు అందులో అబద్ధం లేదు. వచ్చే మంత్రివర్గ మార్పుల్లో పదవి ఇస్తామని ప్రభుత్వ పక్షం పెద్దలు ఆశపెట్టారు. అప్పటిదాకా ఇబ్బంది పెట్టే ప్రశ్నలు అడగకుండా ఓపికపట్టమన్నారు. మంత్రినయితే ఒక్క నర్సేమిటి, చిన్న ఆసుపత్రే కట్టించవచ్చునని వాడి ఆలోచన. అడిగి కాదనిపించుకోవడం కంటే, ఊరుకుని తెచ్చుకోవడం మంచిదనుకున్నాడు.

"నేనే మంత్రినైతే ఎవర్నీ అడగక్కర్లేదు అక్కా. నేనే ఇచ్చేవాణ్ణి."

"నిన్ను ఇవ్వమని పంపలేదురా. అడగమని పంపాం."

వాడు కంచం పక్కకు జరిపాడు. గొంతు తగ్గించి, ఇక్కడితో ఆపేయమన్నాడు. ఎన్ని సంతకాలయ్యాయో తెలుసన్నాడు. ఇంకా పదకొండు కావాలి. అవి పడకుండా ఆగిపోతే, వచ్చే సమావేశంలో మొదటి ప్రశ్న నర్సు గురించే వేస్తానని, అమ్మ మీద ఒట్టు అని చేయి చాపాడు.

నేను ఆమె మొహం చూశాను. ఒప్పుకుంటుందనిపించింది. నేనైతే ఒప్పుకునేవాణ్ణి. కోరుకున్నది చేతికి అందుతోంది, తమ్ముడూ మిగులుతాడు. ఆమె వాడి చేయి పట్టుకుంది, వదల్లేదు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

"ఈ మాట నాకు చెప్తావేంట్రా? నేనొక్కదాన్నే ఓటేశానా? పద, మనేబాలో చెప్పు. వాళ్ళు ఆపమంటే ఆ కాగితం నేనే పొయ్యిలో పెడతాను."

మర్నాడు మనేబాలో బురేమోవా తన వంశం చోటులో కౌరే పక్కన కూర్చుని, తర్వాత లేచి మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. క్షమాపణ అడిగాడు. మంత్రి పదవి సంగతి దాచకుండా చెప్పాడు. ఆడవాళ్ళలో కొందరు కళ్ళు తుడుచుకున్నారు. మొగ్గు వాడి వైపు తిరుగుతున్నట్టే ఉంది. అప్పుడు మేనమామ కౌరే, లేవకుండానే, పక్కకు తిరిగి అడిగాడు.

"మంత్రివైతే తెస్తానంటున్నావు. బాగానే ఉంది నాయనా. కాకపోతే?"

బురేమోవా అక్క వైపు చూశాడు. ఆ సంగతి వాడు ఎప్పుడూ ఆలోచించలేదని మాకందరికీ తెలిసిపోయింది. వాడికీ తెలిసిపోయింది. నెమ్మదిగా కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం ఇరవై ఏడు సంతకాలు పడ్డాయి. కౌరే ముసలాయనది అందులో ఒకటి. తెవురియారియా ఊరివాళ్ళవి తొమ్మిది, అతను చూస్తుండగానే. అర్జీ శనివారం విమానంలో వెళ్ళింది.

ఓటింగు రోజున గాలి బాగా వీచింది. అయినా ఉత్తరం వాళ్ళు తెల్లవారకముందే పాటు చూసుకుని నడిచి వచ్చి, బడి అరుగు మీద కూర్చున్నారు. పొమ్మన్నవి మూడువందల నలభై ఆరు, ఉండమన్నవి మూడువందల తొమ్మిది. ఫలితం చదివినప్పుడు ఎవరూ కేకలు వేయలేదు. తెవురియారియా ఒక్కడే చప్పట్లు మొదలుపెట్టి, తోడెవరూ లేక ఆపేశాడు.

బురేమోవా టరావా తిరిగి వెళ్ళిపోతాడనుకున్నాం. వెళ్ళలేదు. మర్నాడు పొద్దున్నే పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తొరేకా ఓదార్చలేదు, తప్పు చేశానేమోనని అనలేదు. గొడ్డలి చూపించి, కట్టెలు కొట్టమంది. వాడు ఆ రోజు మొదలు రోజూ కొట్టాడు. చేతులు బొబ్బలెక్కాయి. పది రోజులయ్యేసరికి వాడు మళ్ళీ నవ్వడం నేను విన్నాను, ఆ ఇస్త్రీ నవ్వు కాదు, చిన్నప్పటిది.

ఉప ఎన్నిక ప్రకటించారు. తెవురియారియా నిలబడ్డాడు. బురేమోవా కూడా, చేసింది దిద్దుకుంటానని, నిలబడ్డాడు. మూడో పేరు మేమెవరం ఊహించలేదు, ఉత్తరం పంతులమ్మ అకోరియా. అంతకుముందు తొరేకానే నిలబడమని చాలామంది అడిగారు. ఆమె ఒప్పుకోలేదు. కావాలంటే సభలో కూర్చోగలను గాని, అక్కడ కూర్చోవాలని నాకు లేదు, ఇక్కడ కూర్చుని వినాలని ఉంది అంది. అందులో వినయమేమీ లేదు. ఆమెకు తన పని ఏదో తెలుసు.

మనేబాలో మళ్ళీ అభ్యర్థులు కూర్చున్నారు. పెద్దల్లో ఒకాయన తొరేకాను పిలిచి, ఈసారి కూడా తమ్ముడికి మాట ఇస్తావా అని అడిగాడు. నవ్వుతూనే అడిగినా, అందరూ మెడలు చాచి చూశారు. ఆమె లేచింది.

"మాట ఇవ్వను," అంది. "ఓటు వేస్తాను."

మనేబా అంతా నవ్వింది. బురేమోవా కూడా నవ్వాడు, తల గోక్కుంటూ.

మొదటి విడతలో ఎవరికీ సగం రాలేదు. రెండో విడతలో అకోరియా, బురేమోవా మిగిలారు. పదకొండు ఓట్ల తేడాతో అకోరియా గెలిచింది. తొరేకా ఓటు తమ్ముడికే పడింది. ఆ మాట ఆమె అకోరియాకే స్వయంగా చెప్పింది. "నాకు తెలుసు," అంది అకోరియా, "రొట్టె మాత్రం ఆపకు."

అయితే అకోరియాకు భయం పట్టుకుంది. పసిపిల్లల ముందు తప్ప ఎక్కడా నోరు విప్పని మనిషి. మైకు ముందు గొంతు పూడిపోతుందని, టరావాలో చదువుకున్నవాళ్ళు నవ్వుతారని నా దగ్గర ఏడ్చినంత పని చేసింది. ఈ సంగతి తొరేకాకు చెప్పాను. ఆమె సైకిలు వెనక అకోరియాను కూర్చోబెట్టుకుని తమ్ముడి ఇంటికి తీసుకెళ్ళింది. బురేమోవా వల బాగుచేసుకుంటున్నాడు. తనను ఓడించిన మనిషి గుమ్మంలో నిలబడితే ఎవరికైనా ఎలా ఉంటుంది? చేతిలోని ముడి పూర్తిచేశాడు. తర్వాత మనసు కుదుటపరచుకుని, చాప వేశాడు.

"ప్రశ్న అడగడం కష్టం కాదు," అన్నాడు. "అడిగాక మంత్రి లేచి, పరిశీలిస్తున్నాం అంటాడు. అప్పుడు అందరూ కూర్చుంటారు. నువ్వు కూర్చోకు."

నాలుగు సాయంత్రాలు నేర్పాడు. ఎవరిని ఉద్దేశించి మాట్లాడాలి, అనుబంధ ప్రశ్న ఎప్పుడు వేయాలి, కాగితం ఏ ఎత్తున పట్టుకుంటే చేతి వణుకు కనిపించదు, అన్నీ చెప్పాడు. తొరేకా చాప అల్లుతూ మంత్రి వేషం వేసేది. కూర్చున్నచోటే గడ్డం పైకెత్తి, తీరిగ్గా, "గౌరవ సభ్యురాలి ఆవేదన మాకు అర్థమైంది, నిధుల లభ్యతను బట్టి..." అని సాగదీసేది. ఎన్నేళ్ళుగా రేడియో వింటోందో ఆ నోటి తిప్పులో తెలిసిపోయేది. అకోరియా మొదటి సాయంత్రం నవ్వాపుకోలేకపోయింది. నాలుగో సాయంత్రానికి మంత్రిగారికి జవాబు దొరక్కుండా చేసింది.

సమావేశం రోజున నేను రేడియో మోసుకెళ్ళేసరికి మనేబాలో అడుగుపెట్టే చోటు లేదు. బురేమోవా లౌడుస్పీకరు కిందే కూర్చున్నాడు. అబారోవా అని స్పీకరు పిలిచాడు. అకోరియా మొదటి వాక్యం సగంలో ఆగింది. మళ్ళీ అందుకుంది. ఉత్తర లంకల్లో నూట తొంభై మంది ఉన్నారని, అక్కడికి నర్సును ఎప్పుడు పంపుతారని అడిగింది. సంబంధిత మంత్రి లేచి, విషయం పరిశీలనలో ఉందన్నాడు. బురేమోవా పెదవులు కదులుతున్నాయి. కూర్చోకు, కూర్చోకు అంటున్నాడు.

"గౌరవనీయ స్పీకరు గారూ, అనుబంధ ప్రశ్న. పరిశీలన ఏ తేదీకి ముగుస్తుంది?"

తేదీ ఇప్పుడే చెప్పలేనన్నాడు మంత్రి. ఆమె మూడోసారి అడిగింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. వచ్చే బడ్జెటులో పెడతామని మంత్రి ఒప్పుకున్నాడు. మనేబా అదిరిపోయింది. ముసలి కౌరే మోకాళ్ళు పట్టుకుని లేచి నాలుగు అడుగులు ఆడాడు. తొరేకా మాత్రం నన్ను చూసి, తేదీ ఇంకా చెప్పలేదు కదా మాస్టారూ అంది.

తేదీ తర్వాతి సమావేశంలో చెప్పించింది అకోరియా. పద్నాలుగు నెలలకు నర్సు వచ్చింది. టబిటావు అనే అమ్మాయి, వేరే దీవి పిల్ల, పాతికేళ్ళుంటాయి. ఉత్తర లంకలో మొగలాకు కప్పిన చిన్న ఇల్లు, పక్కన రెండు మంచాల గది. ప్రారంభానికి పందులు కోశారు, పాటలు కట్టారు, ఉపన్యాసాలు చాలాసేపు సాగాయి. వచ్చిన అధికారులను పొగిడారు, అకోరియాను పొగిడారు, బురేమోవాను కూడా ఒకరిద్దరు తలుచుకున్నారు. వాడు అప్పటికే పాయ మీద పడవ నడుపుతున్నాడు. తర్వాత పంచాయతీకి గెలిచి, ఇప్పటికీ అందులోనే ఉన్నాడు, మంచి పేరు తెచ్చుకున్నాడు.

తొరేకా పేరు ఎవరూ ఎత్తలేదు. నాకు కష్టమనిపించి, ఆమె ఎక్కడుందా అని వెతికాను. నర్సు ఇంట్లో ఉంది. ఆ అమ్మాయి పెట్టె సర్దుతుంటే, తను అల్లి తెచ్చిన చాప నేల మీద పరిచి, అంచులు సరిచేస్తోంది. దోమతెర ఉందా, గాలి ఎటునుంచి కొడుతుందో తెలుసా, బావి నీళ్ళు ఏ నెలలో ఉప్పెక్కుతాయో ఎవరైనా చెప్పారా అని అడుగుతోంది. వారానికి రెండుసార్లు పాటు చూసుకుని వస్తానని, రొట్టె మెత్తగా కావాలా గట్టిగా కావాలా అని అడిగింది. గట్టిగానే ఇష్టమని ఆ అమ్మాయి సిగ్గుపడుతూ చెప్పింది.